పిన్నికి కీమో పనిచేయలేదు, జన్యువుల వల్లేనట. చెల్లికీ వస్తుందా?

గాజువాక_అమ్మాయి:
మా పిన్నికి గర్భాశయ ముఖద్వార క్యాన్సర్. వైజాగ్‌లోనే రేడియేషన్, దాంతోపాటు వారానికోసారి సిస్‌ప్లాటిన్ అనే కీమో మందు ఐదుసార్లు ఎక్కించారు. డ్రిప్ నడుస్తున్నంతసేపూ స్టీలు గ్లాసుతో మజ్జిగ పట్టుకుని కూర్చునేది, ఒక్క గుక్క దిగేది కాదు. ఎనిమిది నెలలకి స్కాన్ తీస్తే పొట్టలో లింఫ్ గ్రంథుల్లో మళ్లీ కనిపించింది. డాక్టరుగారు "జన్యువుల్లో మార్పులు, మందుకి రెసిస్టెన్స్ వచ్చింది" అన్నారు, బయట అంతమంది ఉంటే ఇంకేం అడగలేకపోయాం. చుట్టాలేమో పథ్యం సరిగ్గా చేయలేదంటున్నారు, పిన్ని అది నమ్మి ఏడుస్తోంది. జన్యువులంటే 19 ఏళ్ల మా చెల్లికి కూడా వస్తుందా?

ఎంవీపీ_ల్యాబ్:
ముందు పిన్నిగారికి చెప్పండి, పథ్యానికీ దీనికీ సంబంధం లేదు. ఆ మార్పులు చాలావరకు గడ్డలోని కణాల్లో పుట్టినవే, పుట్టుకతో వచ్చినవి కావు, అలాంటివి చెల్లికి సంక్రమించవు. సిస్‌ప్లాటిన్ డీఎన్ఏకి అంటుకుని దాన్ని ముడివేసేస్తుంది, దాంతో కణం చావాలి. కానీ కొన్ని కణాల్లో ఈఆర్‌సీసీ1 లాంటి మరమ్మతు జన్యువులు ఎక్కువ పనిచేసి ఆ ముడిని కోసి తీసేస్తాయి. కొన్నిట్లో రాగి లోహాన్ని కణంలోపలికి తెచ్చే సీటీఆర్1 అనే ప్రొటీన్ తగ్గిపోతుంది, మందు కూడా ఆ దారినే వెళ్తుంది కాబట్టి లోపలికి చేరేదే తక్కువ. ఇంకొన్ని ఏటీపీ7బీ అనే ప్రొటీన్‌తో మందుని బయటికి తోసేస్తాయి. పైగా ఈ క్యాన్సర్‌కి కారణమయ్యే హెచ్‌పీవీ వైరస్ తన ఈ6 ప్రొటీన్‌తో, పాడైన కణాన్ని చంపే పీ53 అనే ప్రొటీన్‌ని ముందే నాశనం చేసి ఉంచుతుంది. కలుపు మందు కొట్టాక చావని మొక్కలే మళ్లీ గింజ వేసినట్టు, తట్టుకున్న కణాలే పెరుగుతాయి. ఇందులో ఆవిడ తప్పేముంది?

అగనంపూడి_అక్క:
మా అమ్మకీ ఇలాగే తిరగబెట్టింది, అందుకే చెప్తున్నా. మొదటి బయాప్సీ బ్లాక్, అంటే పరీక్షకి తీసిన గడ్డ ముక్కని మైనంలో దాచింది, ఆ ఆసుపత్రిలో ఉంటుంది, అడిగి తీసుకుని పీడీ-ఎల్1 (గడ్డ మీద ఉండే ఒక ప్రొటీన్) టెస్టు గురించి డాక్టరుగారిని అడగండి. పాజిటివ్ అయితే కీమోతో కలిపి పెంబ్రోలిజుమాబ్ అనే ఇమ్యునోథెరపీ మందు (ఒంట్లోని రోగనిరోధక శక్తి క్యాన్సర్‌తో పోరాడేలా చేసేది) ఇవ్వచ్చు, కానీ ఖర్చు లక్షల్లో ఉంటుంది, ముందే కనుక్కోండి. పాక్లిటాక్సెల్ అనే కీమో మందుతో, గడ్డకి రక్తనాళాలు పెరగకుండా ఆపే బెవాసిజుమాబ్ కలిపి ఇచ్చే దారి కూడా ఉంది. ఈఆర్‌సీసీ1 టెస్టు చూసి మందు మార్చడం మామూలుగా జరగదు, దానికి డబ్బులు పోసేముందు ఆలోచించండి. చెల్లికి హెచ్‌పీవీ టీకా వేయించండి, సీరం కంపెనీ వాళ్ల సర్వావాక్ టీకా 26 ఏళ్ల వరకు వేస్తారు. టీకా వేయించుకున్నా 30 దాటాక గర్భాశయ ముఖద్వార పరీక్ష మానకూడదు.

గాజువాక_అమ్మాయి:
ఇప్పుడే పిన్నికి చదివి వినిపించా. "అయితే నేను తినకపోవడం వల్ల కాదన్నమాట" అని రెండుసార్లు అడిగింది. పాత రిపోర్టు బీరువాలో దొరికింది, బ్లాక్ నంబరు దాని మీదే ఉంది. సోమవారం పట్టుకెళ్తున్నాం.