జనవరి ఐక్యతా ప్రార్థనలు: మా ఊళ్లో ఈసారైనా సరిగ్గా జరగాలంటే ఏం చెయ్యాలి?

గుణుపురం_టైలరు:

అందరికీ వందనాలు.

మాది ఒడిశాలో రాయగడ జిల్లా గుణుపురం. నేను టైలర్ని. మా తెలుగు బాప్టిస్టు సంఘానికి సెక్రటరీని కూడా. ఇంకెవరూ ఒప్పుకోకపోతే నాలుగేళ్ల కిందట నా నెత్తిన పెట్టారు, ఇంతవరకు దించలేదు. టైలర్ని అని ముందే ఎందుకు చెప్తున్నానంటే, ఊళ్లో అన్ని చర్చిలతోనూ నాకు పని ఉంది. లూథరన్ అయ్యగారి తెల్ల అంగీ నేనే కుట్టాను. ఆర్.సి.ఎం. (రోమన్ కథోలిక) వాళ్ల బలిపీఠం గుడ్డలకి అంచులు నా మిషను మీదే పడతాయి. పెంతెకొస్తు పాటల బృందం అమ్మాయిలకి మొన్న క్రిస్మస్‌కి 18 జతలు ఒకే రంగులో కుట్టిచ్చాను, రెండు జతల డబ్బులు ఇంకా రావాలి. కొండ మీది సవర సంఘాల పెద్దలు సంతకి దిగినప్పుడు ప్యాంట్లు పొడవు తగ్గించుకుని పోతారు. కాబట్టి ఎవరి నడుం కొలత ఎంతో, ఎవరికి ఎవరంటే పడదో రెండూ నాకు తెలుసు.

పోయిన జనవరిలో మేమంతా మొదటిసారి ఉమ్మడి ప్రార్థనలు పెట్టుకున్నాం. 18 నుంచి 25 దాకా క్రైస్తవ ఐక్యతా ప్రార్థన వారం ఉంటుందని, దేశదేశాల్లో చేస్తారని ఆర్.సి.ఎం. ఫాదర్ గారు నా కొట్టుకొచ్చి చెప్పారు. ఎనిమిది రాత్రులు మావల్ల కాదని మూడు అనుకున్నాం. మొదటిది మా చర్చిలో, రెండోది లూథరన్‌లో, మూడోది ఆర్.సి.ఎం.లో. మొదటి రాత్రి చెప్పులు పెట్టుకోడానికి చోటు లేదు. మూడో రాత్రి నేనే లెక్కపెట్టాను, 41 మంది. అందులో పాస్టర్లు, వాళ్ల ఇళ్లవాళ్లు తీసేస్తే ఎంతమంది మిగిలారో చెప్పడానికి మనసొప్పదు.

ఎక్కడ చెడిందో నాకు తెలుసు. రెండో రాత్రి, ప్రభువు నేర్పిన ప్రార్థన దగ్గర. అందరికీ వచ్చిందే కదా అని కాగితం మీద అచ్చు వెయ్యలేదు. తీరా మొదలెట్టాక మేం "నీ నామము పరిశుద్ధపరచబడును గాక" అంటున్నాం, ఆర్.సి.ఎం. వాళ్లు "మీ నామము పూజింపబడును గాక" అంటున్నారు. తండ్రిని మేం నువ్వంటామని, వాళ్లు మీరంటారని నాకు యాభై దాటాక తెలిసింది! చివరికొచ్చేసరికి వాళ్లు ఆమేన్ అని కూర్చున్నారు. మేం "రాజ్యము, బలము, మహిమ" అంటూ నిలబడే ఉన్నాం. వెనక వరసలో సవర పెద్ద ఒకాయన తన భాషలో ఇంకా సగంలో ఉన్నాడు. పిల్ల గుంటలు కిసుక్కున నవ్వారు. మా సంఘంలో ఒక ముసలావిడ, పాపం, తననే చూసి నవ్వారనుకుని లేచి వెళ్లిపోయింది.

భాషల గొడవ ఇంకోటి. ప్రతి మాటా తెలుగులో చెప్పి, ఒడియాలో చెప్పి, సవరలో చెప్పారు. గంట అనుకున్న కూడిక మూడు గంటలకి పోయింది. పది దాటితే మైకు ఆపాలి కదా, ఆఖరి ప్రసంగం మైకు లేకుండానే అయింది. నిజం చెప్పాలంటే అదొక్కటే అందరికీ అర్థమైంది, ఆయన అరిచి చెప్పాడు కనుక.

ఇక సంస్కారం, అంటే ప్రభు రాత్రి భోజనం సంగతి. ఆఖరి రాత్రి అందరం ఒకే బల్ల దగ్గర రొట్టె విరిస్తే బాగుంటుందని నాకు ఆశ. ఫాదర్ గారు మెత్తగానే చెప్పారు: "ప్రార్థనకి పిలవండి, వస్తాను. వాక్యం చెప్పమంటే చెప్తాను. అది మాత్రం అడక్కండి." మా వాళ్లకి కోపమొచ్చింది. కానీ చిన్నప్పుడు నీళ్లు చల్లించుకుని బాప్తిస్మం పొందిన లూథరన్ పిల్లోడు పెళ్లి చేసుకుని మా సంఘంలోకి వస్తే, మళ్లీ నీళ్లలో ముంచేదాకా మేం బల్ల దగ్గరికి రానిస్తామా? ఆ మాట కమిటీలో అన్నాను. ఆ నెల ఎవరూ నా కొట్టుకి బట్టలు తేలేదు.

ఇప్పుడు మళ్లీ జనవరి వస్తోంది. మా సంఘ పెద్ద ఒకాయన "అది పోపుగారి వారం, మనకెందుకు? మనకి జనవరి మొదటి వారం ప్రార్థనలు ఎప్పట్నుంచో ఉన్నాయి" అంటున్నారు. నా దగ్గర జవాబు లేదు. ఇలా కలిసి చేసినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి. ఎన్ని రాత్రులు పెట్టాలి? ఏ భాషలో? పెద్దాయనకి ఏం చెప్పాలి?

బరంపురం_పంతులమ్మ:

తమ్ముడూ, వందనాలు. నేను చరిత్ర చెప్పి రిటైరైన దాన్ని, కాబట్టి మీ పెద్దాయన సంగతి నాకొదిలెయ్యండి.

ఆయన చెప్పింది సగం నిజం. 18-25 వారాన్ని 1908లో అమెరికాలో, న్యూయార్క్ దగ్గర గ్రేమూర్‌లో పాల్ వాట్సన్ మొదలుపెట్టారు. అప్పటికి ఆయన ఆంగ్లికన్ గురువు. మరుసటేడు తన మఠంతో సహా కథోలిక సంఘంలో చేరిపోయారు. 18 అప్పట్లో పేతురు పీఠం పండగ, 25 పౌలు మారుమనస్సు పొందిన పండగ. ఆ రెంటి మధ్య రోజులు తీసుకున్నారు. అందరూ రోముకి తిరిగి రావాలన్నది అప్పటి ఉద్దేశం, దాన్ని దాచక్కర్లేదు. కానీ 1930లలో ఫ్రాన్సులో లియోన్ పట్టణపు గురువు పాల్ కుటురియె ఆ దారి మార్చారు. ఎవరు ఎవరిలో కలవాలని కాకుండా, క్రీస్తు ఎలాంటి ఐక్యత కోరాడో, ఏ దారిన కోరాడో దానికోసం అడుగుదాం అన్నారు. అందుకే ఇతరులు రాగలిగారు. 1968 నుంచి వాడుతున్న ప్రార్థన క్రమాన్ని వాటికన్, ప్రపంచ క్రైస్తవ సంఘాల మండలి కలిసి తయారుచేస్తున్నాయి. ఏటా ఒక్కో దేశంవాళ్లు మొదటి చిత్తు రాస్తారు. 2013లో మన దేశపు విద్యార్థి క్రైస్తవ ఉద్యమం వాళ్లు రాశారు. మీకా 6వ అధ్యాయం తీసుకుని దళిత క్రైస్తవుల బతుకు మీద పెట్టారు. ఆ సంవత్సరం ప్రపంచమంతా మనవాళ్లు రాసిన ప్రార్థనే చదివింది. మీ పెద్దాయనకి ముందు ఇది చెప్పండి.

ఇక ఆయనగారి "మన" జనవరి మొదటి వారం. అదెక్కడ పుట్టిందో ఆయనకి తెలుసా? పంజాబులో లూధియానాలో! అక్కడి ప్రెస్బిటేరియన్ మిషనరీలు 1858లో లోకంలోని క్రైస్తవులందరినీ ఒకే వారం ప్రార్థించమని పిలిచారు. 1860 జనవరిలో జరిగింది. తర్వాత ఇవాంజెలికల్ అలయన్స్ అనే ప్రొటెస్టంట్ల కూటమి దాన్ని ఏటా చేసింది. అదీ అన్ని సంఘాల వాళ్లూ కలవడానికి పెట్టిందే. మనం ఎవరి చర్చిలో వాళ్లం తలుపులు వేసుకుని చేసుకుంటున్నాం, అంతే.

పోపుగారి పేరెత్తితే ఇంకోటి. 2016 అక్టోబరు 31న పోప్ ఫ్రాన్సిస్ స్వీడన్‌లో లుండ్ పట్టణానికి వెళ్లి ప్రపంచ లూథరన్ సమాఖ్య వాళ్లతో కలిసి ప్రార్థించారు. మన జయపురం లూథరన్ సంఘం ఆ సమాఖ్యలో సభ్యురాలు.

తేదీల కోసం పట్టుబట్టకండి. జనవరి సెలవుల నెల కాబట్టి దక్షిణార్ధగోళంలో పెంతెకొస్తు పండగ దగ్గర చేసుకుంటారు. సంక్రాంతి ఊళ్లనుంచి జనం తిరిగి రాకపోతే మీరూ జరుపుకోండి.

ఒక్క సొంత సంగతి. 2008లో క్రైస్తవుల మీద దాడులప్పుడు కంధమాల్ నుంచి ఒట్టి చేతులతో మా బరంపురం వచ్చినవాళ్లకి దుప్పట్లు పంచేటప్పుడు నేను పేర్లు రాశాను. నా కాగితంలో "ఏ సంఘం" అని ఒక గడి ఉంది, బడి అలవాటు. మొదటి పేజీ తర్వాత ఆ గడి నింపడం మానేశాను.

బల్లార్షా_బొగ్గుగని:

అన్నా, వందనాలు. మాది కరీంనగర్ దిక్కు, మా నాయిన గనిల పనికొచ్చి ఈడ్నే ఉన్నడు. చంద్రపూర్ జిల్లా. మా లైన్ క్వార్టర్లల్ల తెలుగు, మరాఠీ, హిందీ మూడున్నయ్. మీ లెక్కనే మేము గూడ మొదట్ల అన్నీ తర్జుమా జేసినం. షిఫ్టు దిగొచ్చినోడు నిద్రవోయిండు.

ఇప్పుడు ఎట్ల జేస్తున్నమంటే, ఏదీ రెండుసార్లు చెప్పం. వాక్యం మరాఠీల చదివితే, మిగతోళ్లు తమ బైబిల్ల అదే అధ్యాయం తెరిచి కండ్లతోని చదువుకుంటరు. పాట తెలుగుల పాడితే పల్లవి అందరికీ ముందే రాసిస్తం. ప్రసంగం ఒక్కటే, పదిహేను నిమిషాలు. ఏ భాషోడు చెప్తే ఆ భాషనే. రేపు ఇంకొకడు. అర్థంగానోడు గూడ కూసుంటడు, ఎందుకంటే రేపు తన వంతు. ప్రార్థన మాత్రం ఎవని భాషల వాడు, అందరం ఒక్కసారే, గట్టిగ. మొదట్ల గోల అనిపిస్తది.

చర్చిల పెట్టుడు బంద్ చేసినం. ఇండ్లల్లనే. చర్చి అంటే "వాళ్లది" అనిపిస్తది, వాకిలి అయితే అనిపియ్యది. జనం తక్కువొచ్చినా వాకిలి నిండినట్టే కనవడ్తది, అది వేరే ముచ్చట.

సంస్కారం గురించి తొందర పడకు. మాకు దగ్గర్ల నాగపూర్ ఉన్నది. 1970 నవంబరు 29న ఆరు సంఘాలు కలిసి సి.ఎన్.ఐ. (ఉత్తర భారత సంఘం) అయింది ఆడ్నే. దానికోసం మాటలు మొదలైంది 1929ల. నలభై ఏండ్లు! సి.ఎస్.ఐ. (దక్షిణ భారత సంఘం) గూడ గంతే, 1919ల తరంగంబాడిల మొదలైతే 1947 సెప్టెంబరుల మద్రాసుల తేలింది. దానికోసం తిరిగిన మన దోర్నకల్ బిషప్ అజరయ్య గారు 1945ల్నే పోయిండు, కండ్ల జూడలే. నువ్వు మూడు రాత్రుల్ల బల్ల కలపాల్నంటవ్.

పర్లాకిమిడి_పిన్ని:

బాబూ, మగోళ్లు ఇంతింత రాస్తన్నారు గానీ, ఆడోళ్లం ఈ పని ఎప్పుట్నుంచో సేస్తన్నాం, ఒక్కళ్లైనా గుర్తెట్టుకున్నారా? మార్చి మొదటి శుక్రవారం స్త్రీల ప్రపంచ ప్రార్థన దినం. మీ ఇంటావిణ్ణి అడుగు, ఆవిడ ఎల్తాదో లేదో. బాప్టిస్టు, లూథరన్, ఆర్.సి.ఎం. అందరం ఒక్క చాప మీద కూకుంటాం. ఒక్క పోట్లాట అయిందేటి? అయింది, ఒకేడు పులిహోరలో ఉప్పు కోసం.

పరలోక ప్రార్థన మేం ఎలా సేస్తామంటే, ఎవలకొచ్చింది ఆలు, మెల్లిగా. బేగి అయిపోయినోళ్లు కూకోకూడదు, నిలబడే ఉండాల. ఆఖరోళ్లు ముగించినాక అందరం కలిసి ఒక్క ఆమేన్. అంతే. ఆ సవర పెద్దాయన కోసం ఆగితే ఏటి పోనాది, అర నిమిషం.

ఇంకోటి, రొట్టె కుదరకపోతే మండియా (రాగి) జావ కాయండి. పెద్ద డేగిశాలో. పంక్తి కాదు, వరసల్లో కాదు, ఎక్కడోళ్లక్కడ గిన్నెట్టుకుని తాగాల. వడ్డన మాత్రం ఆ ఇంటోళ్లు కాకుండా పక్క చర్చోళ్లు సెయ్యాల. మా పాతపట్నం మరదలు ఇది సెప్పింది, బాగా పని సేత్తాది. మీ సంఘ పెద్ద సేతికి గరిటె ఇచ్చెయ్, ఇంక వాదించడు.

ఆ ముసలమ్మ ఇంటికి నువ్వు ఎల్లావా లేదా? అది రాయలేదు.

గుణుపురం_టైలరు:

పిన్నీ, వెళ్లలేదు. మీ మాట చదివి నిన్న సాయంత్రం వెళ్లాను. ఆవిడకి ఆ సంగతి గుర్తే లేదు. ఆ రాత్రి మోకాళ్లు నొప్పెట్టి లేచి వెళ్లానంది. ఏడాదంతా నేను మోసుకు తిరిగాను. ఈసారి ఆవిడకి కుర్చీ కావాలి, రాసుకున్నాను.

పంతులమ్మగారూ, లూధియానా సంగతి కమిటీలో చెప్పాను. పెద్దాయన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "అయితే మొదటి వారమే అందరం కలిసి చేద్దాం, 18 దాకా ఎందుకు" అన్నారు. ఫాదర్ గారేమో 18 అంటారు. ఇద్దరికీ మధ్య లూథరన్ అయ్యగారు "రెండు వారాల్లోనూ రెండేసి రాత్రులు" అన్నారు. ఆయన కొలత ప్రతిసారీ ఇంతే, లూజూ కాదు, టైటూ కాదు. సరే అనుకున్నాం. నాలుగు రాత్రులు, చర్చిల్లో కాకుండా నాలుగు వాకిళ్లలో. మొదటిది పెద్దాయన వాకిలే, ఆయనే అడిగారు. వడ్డన పెంతెకొస్తు వాళ్లది. ప్రార్థన "నీ", "మీ" రెండూ పక్కపక్కన అచ్చు వేయిస్తున్నాను. సవర మాటలు ఒడియా లిపిలో వేయించమని కొండ పెద్దలు అడిగారు, వాళ్ల పిల్లలు బడిలో అదే చదువుతారట.

బల్లార్షా తమ్ముడూ, ఒకే ప్రసంగం, తర్జుమా లేకుండా అంటే మా పాస్టర్లు ముగ్గురూ ఒప్పుకున్నారు. పదిహేను నిమిషాలు అనే దగ్గర ఒక్కరూ ఒప్పుకోలేదు. ఇరవై అయిదుకి తెగింది. గడియారం నా చేతిలో పెట్టారు.

ఒకటి మిగిలింది. కొండ మీది వాళ్లు రాత్రి తిరిగి ఎక్కడానికి బండి లేదు. పోయినసారి కొందరు రైల్వేస్టేషన్‌లో పడుకున్నారని తర్వాత తెలిసింది. బొలెరో ఆయన రెండు ట్రిప్పులంటున్నాడు, మాకు మూడు కావాలి, డీజిలుకి కానుక పెట్టె చాలదు. ఈ చుట్టుపక్కల చిన్న వ్యాను ఉన్నవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి.