రాడార్‌లో స్వింగ్ వేగం 98, క్యారీ మాత్రం 181 గజాలే: ఏ అంకెను నమ్మాలి?

ప్రశ్న – డాలస్ గోల్ఫర్

టెక్సాస్‌లో ఉంటూ కొన్నేళ్లుగా వారాంతాల్లో గోల్ఫ్ ఆడుతున్నాను. నా హ్యాండిక్యాప్ 17 (కోర్సు ప్రామాణిక లెక్క కంటే సుమారు అన్ని దెబ్బలు ఎక్కువ తీసుకునే స్థాయి). అన్నిటికంటే దూరం కొట్టే క్లబ్ అయిన డ్రైవర్‌తో మరికొంత దూరం రాబట్టాలన్న ఉద్దేశంతో ఒక చిన్న డాప్లర్ రాడార్ కొనుక్కుని, గ్యారేజీలో నెట్ కట్టి స్వింగ్ వేగం కొలుచుకుంటున్నాను. బంతిని కొట్టినప్పుడు అది గంటకు 98 మైళ్లు చూపిస్తోంది. బంతి లేకుండా ఊరికే ఊపితే 103 దాకా వెళుతోంది. అయితే కొత్త డ్రైవర్ ఫిట్టింగ్ (ఆటగాడికి తగ్గట్టు క్లబ్‌ను అమర్చడం) కోసం వెళ్లిన చోట లాంచ్ మానిటర్ (క్లబ్, బంతి కదలికలను కొలిచే యంత్రం) నా వేగం 91 మాత్రమేనని తేల్చింది. అక్కడ ఇచ్చిన కాగితం మీద ఉన్న మిగతా అంకెలు ఇవి: బాల్ స్పీడ్ 126 మైళ్లు, లాంచ్ యాంగిల్ (బంతి పైకి బయలుదేరే కోణం) 9 డిగ్రీలు, స్పిన్ నిమిషానికి 3,400 చుట్లు, అటాక్ యాంగిల్ (బంతిని తాకేటప్పుడు క్లబ్ పైకో కిందికో సాగే కోణం; మైనస్ అంటే కిందికి) మైనస్ 3 డిగ్రీలు, క్యారీ (నేల తాకేలోగా బంతి గాలిలో వెళ్లే దూరం) 181 గజాలు. డ్రైవర్ లాఫ్ట్ (బంతిని తాకే ముఖం, అంటే ఫేస్, వాలు) 10.5 డిగ్రీలు.

ఈ రెండు పరికరాల్లో దేనిని నమ్మాలి? వేగం ఒక్క మైలు పెరిగితే దూరం ఎన్ని గజాలు పెరుగుతుంది? వేగం పెంచుకోవడానికి బరువు తక్కువ కర్రలతో చేసే సాధన మొదలుపెట్టాలని అనుకుంటున్నాను. అంతకంటే ముందు చేయవలసినది ఏదైనా ఉంటే అనుభవజ్ఞులు తెలియజేయగలరని మనవి.

జవాబు – రాడార్ ఇంజనీరు

డాలస్ గోల్ఫర్ గారూ, రెండు పరికరాలూ అబద్ధం చెప్పడం లేదు. అవి కొలుస్తున్న వస్తువు ఒకటి కాదు, అంతే. డ్రైవర్ హెడ్ అంతా ఒకే వేగంతో కదలదు. తలుపు తెరిచినప్పుడు బందు దగ్గరి చెక్క కంటే అంచు వేగంగా తిరిగినట్టే, షాఫ్ట్ (క్లబ్ కర్ర) దిగిన హీల్ వైపు కంటే బయటి కొసన ఉన్న టో వేగంగా కదులుతుంది. బంతిని తాకే క్షణంలో క్లబ్ సుమారు సెకనుకు 40 రేడియన్ల చొప్పున తిరుగుతోందని అనుకుంటే, ఫేస్ మధ్య నుంచి ఐదారు సెంటీమీటర్ల అవతల ఉన్న టో దగ్గర వేగం గంటకు నాలుగైదు మైళ్లు ఎక్కువ ఉంటుంది. చవక రాడార్ తనకు తిరిగి వచ్చిన తరంగాలలో ఎక్కువ వేగం దేనిదైతే దానిని పట్టుకుని తెర మీద చూపిస్తుంది, అది చాలాసార్లు టో వేగమే అవుతుంది. ఖరీదైన లాంచ్ మానిటర్లు మాత్రం హెడ్ మధ్యభాగం వేగాన్ని, అదీ బంతిని తాకడానికి సరిగ్గా ముందున్న వేగాన్ని లెక్కకట్టి ఇస్తాయి. మీ 98కీ 91కీ మధ్య తేడాలో పెద్ద భాగం ఇక్కడే ఉంది.

రెండో సంగతి, రాడార్‌ను ఎక్కడ పెట్టారన్నది. డాప్లర్ రాడార్ తన వైపుకో, తన నుంచి దూరంగానో సాగే కదలికను మాత్రమే చూడగలదు. క్లబ్ సాగే దిశకు 20 డిగ్రీలు పక్కగా పెడితే అసలు వేగంలో 94 శాతమే కనిపిస్తుంది. అంటే 98 ఉన్నది 92గా చదువుతుంది. నిన్న బంతికి సూటిగా వెనుక, నేడు కొంచెం పక్కకు పెట్టి రెండు అంకెలనూ పోల్చుకుంటే, మీలో ఏ మార్పూ లేకుండానే ఆరు మైళ్లు పెరిగినట్టో తగ్గినట్టో కనిపిస్తుంది. గ్యారేజీ నేల మీద టేపుతో గుర్తు వేసి, ప్రతిసారీ అదే చోట, అదే కోణంలో పెట్టండి. అలా వాడితే ఆ చిన్న రాడార్ పనికిమాలినదేమీ కాదు. ఈ నెల అంకెను పోయిన నెల అంకెతో పోల్చుకోవడానికి అది బాగా పనికివస్తుంది. దానిని మరొక యంత్రం అంకెతోనో, టీవీలో చూపించే అంకెతోనో పోల్చడమే కూడదు.

బంతి లేకుండా ఊపినప్పటి 103ను లెక్కలోకి తీసుకోకండి. గురి చూసి కొట్టవలసిన పని లేనప్పుడు చేతులు స్వేచ్ఛగా తిరుగుతాయి. పైగా క్లబ్ గరిష్ఠ వేగాన్ని బంతి ఉండవలసిన చోటు దాటాక అందుకున్నా రాడార్ దానినే చూపిస్తుంది.

జవాబు – హైదరాబాద్ కోచ్

నేను క్లబ్ ఆటగాళ్లకు శిక్షణ ఇస్తుంటాను. మీ కాగితంలో నా దృష్టి ముందుగా పడింది 91 మీద కాదు, 126 మీద.

బాల్ స్పీడ్‌ను క్లబ్ స్పీడ్‌తో భాగిస్తే వచ్చేదానిని స్మాష్ ఫ్యాక్టర్ అంటారు. మీది 1.38. దీనికి పైహద్దు ఎంతో చూడండి: బంతి బరువు 45.93 గ్రాములకు మించకూడదన్నది నియమం. డ్రైవర్ హెడ్ బరువు సుమారు 200 గ్రాములు. ఫేస్ స్ప్రింగులా ఎంత తిప్పికొట్టవచ్చన్నదానికి గోల్ఫ్ నియమాలు రూపొందించే యూఎస్‌జీఏ, ఆర్ అండ్ ఏ సంస్థలు పెట్టిన పరిమితి 0.83 పునఃస్థాపన గుణకానికి (ఢీకొన్నాక విడిపోయే వేగం, ఢీకొనే ముందరి వేగంలో ఎంత భాగమో చెప్పే అంకె) సమానం. ఈ మూడింటినీ ద్రవ్యవేగ సూత్రంలో పెడితే, 1.83ను (1 + 0.83) 1.23తో (1 + 45.93/200) భాగించగా 1.49 దగ్గర ఆగుతుంది. ఎంత ఖరీదైన డ్రైవర్ కొన్నా 1.5 దాటడం దాదాపు అసాధ్యం. మీ 91 మైళ్ల స్వింగుకే బంతి 134, 135 మైళ్లతో వెళ్లే అవకాశం ఉంది, మీరు ఎనిమిది తొమ్మిది మైళ్లు ఫేస్ మీదే వదిలేస్తున్నారు.

మీ రెండో ప్రశ్నకు జవాబు వృత్తి ఆటగాళ్ల సగటుల్లో దొరుకుతుంది. లాంచ్ మానిటర్లు తయారుచేసే ట్రాక్‌మ్యాన్ సంస్థ చాలాకాలం క్రితం ప్రచురించి, ఇప్పటికీ అందరూ ఉదహరించే పట్టిక ప్రకారం పీజీఏ టూర్ పురుషుల డ్రైవర్ వేగం 113 మైళ్లు, బాల్ స్పీడ్ 167, క్యారీ 275 గజాలు. ఎల్‌పీజీఏ మహిళల వేగం 94, బాల్ స్పీడ్ 140, క్యారీ 218 గజాలు. (పురుషుల వేగం తరువాతి సంవత్సరాల్లో ఇంకొంచెం పెరిగింది.) తేడాలు తీసి చూస్తే క్లబ్ వేగంలో మైలుకు మూడు గజాలు, బంతి వేగంలో మైలుకు రెండు గజాలు. అయితే ఇది నడిమధ్యన తగిలే బంతికి వర్తించే లెక్క. మన స్థాయిలో మైలుకు రెండు, రెండున్నర గజాలు వచ్చినా సంతోషించవచ్చు.

ఆ మహిళల వరుసను మీ కాగితం పక్కన పెట్టుకుని మళ్లీ చదవండి. వారి వేగం మీకంటే మూడు మైళ్లే ఎక్కువ, బంతి మాత్రం మీకంటే 37 గజాలు ముందు పడుతోంది. మూడు మైళ్లకు తొమ్మిది గజాలు తీసేస్తే మిగిలిన 28 గజాలకు కండబలంతో సంబంధం లేదు. వారి అటాక్ యాంగిల్ ప్లస్ 3, లాంచ్ 13.2 డిగ్రీలు, స్పిన్ 2,611. మీరు మైనస్ 3తో పైనుంచి కిందికి కొడుతున్నారు, బంతి 9 డిగ్రీలతో తక్కువ ఎత్తులో బయలుదేరి, ఎక్కువ స్పిన్‌తో గాలిలో పైకి లేచి అక్కడే కుంగిపోతోంది. ఇంత వేగం ఉన్నవారికి కిందికి కొట్టడానికీ పైకి కొట్టడానికీ మధ్య తేడా ఇరవై గజాల దాకా ఉంటుంది. వేగం తక్కువ ఉన్నవారు పైకి కొట్టడం నేర్చుకోవడమే అన్నిటికంటే చవకైన లాభమని నా గట్టి నమ్మకం.

ఒక చిన్న పరీక్ష చేయండి. మందుల దుకాణంలో పాదాలకు చల్లుకునే పౌడర్ స్ప్రే దొరుకుతుంది, దానిని ఫేస్ మీద పలుచగా కొట్టి డ్రైవ్ చేస్తే బంతి తాకిన చోట తెల్లటి పొర లేచిపోయి గుండ్రని గుర్తు స్పష్టంగా కనబడుతుంది. ఆ గుర్తులన్నీ మధ్య గీతకు దిగువన ఉంటే మీ 3,400 స్పిన్‌కు కారణం సగం దొరికినట్టే. దిగువన తగిలిన బంతికి గేర్ ఎఫెక్ట్ (మధ్యన తగలనప్పుడు హెడ్ కొద్దిగా మెలితిరిగి, పళ్ల చక్రంలా బంతిని తిప్పడం) వల్ల స్పిన్ పెరుగుతుంది, లాంచ్ తగ్గుతుంది; కొంచెం ఎగువన తగిలిన బంతికి సరిగ్గా ఇందుకు విరుద్ధంగా జరుగుతుంది.

డాలస్ గోల్ఫర్

ఇద్దరికీ హృదయపూర్వక ధన్యవాదాలు. కోచ్ గారు చెప్పినట్టే స్ప్రే తెచ్చి చూశాను. గుర్తులు దాదాపు అన్నీ హీల్ వైపున, మధ్యకు ఒక వేలి వెడల్పు దిగువన గుంపుగా పడ్డాయి. వీటిని మధ్యకు తీసుకురావడానికి ఏం చేయాలి? ఇంకొక సందేహం: ఫిట్టింగ్ చేసినవారు షాఫ్ట్ పొడవు అంగుళం పెంచితే వేగం పెరుగుతుందని సూచించారు. అది మంచి ఆలోచనేనా?

జవాబు – విశాఖ సీనియర్

కోచ్ గారు వచ్చేలోగా గాలి గురించి ఒక మాట, ఎందుకంటే దూరాలు పోల్చుకునేటప్పుడు మనవాళ్లు దీనిని తరచూ మరిచిపోతారు. మా తూర్పు తీరంలో సముద్రమట్టం దగ్గర 200 గజాలు వెళ్లే బంతి, సుమారు 540 మీటర్ల ఎత్తున్న హైదరాబాద్‌లో గాలి పలుచబడినందున నాలుగు గజాలు, 900 మీటర్లు దాటిన బెంగళూరులో ఏడు గజాల వరకు ఎక్కువ వెళుతుంది. మెక్సికో సిటీలో 7,800 అడుగుల ఎత్తున్న చపుల్తెపెక్ కోర్సులో 2017 నుంచి కొన్నేళ్లు ప్రపంచస్థాయి పోటీ జరిగింది, అక్కడ ఆటగాళ్లు తమ ప్రతి క్లబ్ దూరాన్నీ పది శాతం పైగా పెంచి లెక్కించుకోవలసి వచ్చేది. చలి కూడా దూరాన్ని తగ్గిస్తుంది. మీ టెక్సాస్ జనవరి ఉదయాన్నీ జూలై మధ్యాహ్నాన్నీ ఒకే గాట కట్టకండి. లాంచ్ మానిటర్ చూపే క్యారీ అసలు వాతావరణానిదా, లేక సముద్రమట్టం దగ్గరి ప్రామాణిక వాతావరణానికి మార్చి చూపినదా, ప్రాక్టీస్ బంతులతోనా, మీరు కోర్సులో ఆడే బంతితోనా అని ఫిట్టింగ్ చోట తప్పక అడగండి. ప్రాక్టీస్ బంతులు చాలాచోట్ల అరిగిపోయి ఉంటాయి.

జవాబు – హైదరాబాద్ కోచ్

సీనియర్ గారు చెప్పినది అక్షరాలా నిజం. అందుకే నేను శిష్యులకు గజాల కంటే బాల్ స్పీడ్‌నే ప్రమాణంగా చూపిస్తాను. దానిపై ఎత్తూ గాలీ ప్రభావం చూపవు.

ఇక షాఫ్ట్ సంగతి. నియమాల ప్రకారం డ్రైవర్ పొడవు 48 అంగుళాల వరకు ఉండవచ్చు. 2022 జనవరి నుంచి వృత్తి పోటీల నిర్వాహకులు దానిని 46కు కుదించుకోవడానికి అనుమతి ఉంది. పొడవు పెరిగితే వేగం కొంత పెరిగే మాట వాస్తవమే కానీ ఫేస్ మధ్యను పట్టుకోవడం ఇంకా కష్టమవుతుంది. మీ సమస్య ఇప్పటికే తాకే చోటుదే కనుక నేను ఇందుకు ఒప్పుకోను. అంగుళం పెంచడానికి బదులు, గ్రిప్‌ను ఒక అంగుళం కిందకి పట్టుకుని వారం పాటు ఆడి చూడండి. వేగంలో ఒకటి రెండు మైళ్లు తగ్గవచ్చు. అయినా స్మాష్ 1.38 నుంచి 1.45కు చేరితే 89 మైళ్ల స్వింగు కూడా 129 బాల్ స్పీడ్ ఇస్తుంది, అది మీ ఇప్పటి 126 కంటే ఎక్కువే.

హీల్ వైపు తగలడానికి సాధారణ కారణం డౌన్‌స్వింగ్‌లో బరువు వేళ్ల మీదికి వచ్చి, శరీరం బంతి వైపు జరగడం. బంతికి అవతల, టోకు అరచేయి దూరంలో ఒక ఖాళీ అట్టపెట్టె పెట్టి, దానికి తగలకుండా కొట్టడం సాధన చేయండి. దిగువన తగలడానికి మందు వేరే. మీరు కుడిచేతి ఆటగాడైతే బంతిని ఎడమ మడమకు ఎదురుగా ఉంచి, క్లబ్ నేల మీద ఆనినప్పుడు బంతి సగం డ్రైవర్ పైభాగానికి పైన కనిపించేంత ఎత్తుగా టీ (బంతిని నిలిపే పుల్ల) వేసి, నిలబడేటప్పుడే కుడి భుజాన్ని కొద్దిగా కిందికి వంచండి. ఈ మూడూ సరిచేస్తే మైనస్ 3 క్రమంగా సున్నా వైపు వస్తుంది. నిలబడే తీరు మారకుండా పైకి కొట్టాలని చేతులతో ఎగదోస్తే మాత్రం క్లబ్ బంతి పైభాగాన తగులుతుంది.

తేలిక కర్రల సాధనను నేను తప్పుపట్టను. 2020లో అమెరికా గోల్ఫర్ బ్రైసన్ డిషాంబో శరీరాన్నీ వేగాన్నీ పెంచుకుని, ఆ సీజన్‌లో సగటున 322 గజాలతో పీజీఏ టూర్‌లో అందరికంటే దూరం కొట్టి, వింగ్డ్ ఫుట్ కోర్సులో యూఎస్ ఓపెన్ గెలిచాక వేగం పట్ల అందరి దృష్టీ మారింది. కానీ ఆయన బంతి అప్పటికే ఫేస్ మధ్యన తగిలేది. మీరు స్ప్రే గుర్తులు మధ్యకు చేరేదాకా ఆగండి. ఆ తరువాత వారానికి మూడు రోజులు, మధ్యలో విశ్రాంతినిస్తూ, నడుమునూ మోచేతులనూ బాగా వేడెక్కించుకుని మొదలుపెట్టండి. గ్యారేజీ నేల మీద టేపు గుర్తు దగ్గర ఉన్న ఆ రాడార్ అప్పుడు మీకు నిజంగా అక్కరకు వస్తుంది. కొత్త గుర్తుల ఫోటో, కొత్త బాల్ స్పీడ్ రెండూ ఇక్కడ పెడితే లాఫ్ట్ 12 డిగ్రీలకు మార్చాలో వద్దో అప్పుడు చూద్దాం.