రెండు యూనియన్లు కలిసిపోతే పాత వేతన ఒప్పందం చెల్లుతుందా?

విజయనగరం దగ్గర ఓ జూట్ మిల్లులో పనిచేస్తున్నాను. మా రెండు యూనియన్లూ ఒకటైపోయాయని నాయకులు గేటు దగ్గర మైకులో చెప్పేసి దండలేసుకున్నారు గానీ, ఓటింగ్ మాత్రం పెట్టలేదు. 2025లో రద్దయిన 1926 ట్రేడ్ యూనియన్ల చట్టం ప్రకారమైతే ప్రతి యూనియన్‌లోనూ కనీసం సగం మంది ఓటెయ్యాల్సి ఉండేది, పడినవాటిలో కనీసం 60 శాతం అనుకూలంగా ఉండాల్సి వచ్చేది కదా? జీతం స్లిప్పులో చందా ఇప్పటికీ పాత యూనియన్ పేరు మీదే కోస్తున్నారు. వేతన ఒప్పందం పాతవాళ్లతో చేసుకున్నాం, కొత్తవాళ్లతో మాకేం సంబంధం అంటోంది యాజమాన్యం, వాళ్లకిది పండగే. 2020 పారిశ్రామిక సంబంధాల కోడ్‌లో 51 శాతం సభ్యత్వం ఉంటే యాజమాన్యంతో చర్చలు జరిపే ఏకైక యూనియన్ అదే, ఎవరికీ అంత లేకపోతే 20 శాతానికి తగ్గని యూనియన్లతో చర్చల కౌన్సిల్ అని చదివాను. మరి పాత సభ్యత్వాలు కలిపి లెక్కేస్తారా, మళ్లీ సభ్యత్వాల వెరిఫికేషన్ పెట్టాలా? ఓటింగే లేని విలీనం మీద మామూలు సభ్యుడు ట్రేడ్ యూనియన్ల రిజిస్ట్రార్‌కి ఫిర్యాదు చెయ్యొచ్చా? తెలిసినవాళ్లు కాస్త చెప్పండి, బోనస్ చర్చలు దగ్గరపడుతున్నాయి.