పాత తిండికి మళ్ళాలంటే, ఏ పాత తిండికి?

పోషకాహార విద్యార్థిని:
గత వారం మా కాలేజీలో "పూర్వీకుల ఆహారమే ఆరోగ్యం" అనే అంశం మీద వక్తృత్వ పోటీ పెట్టారు. అనుకూలంగా మాట్లాడి బహుమతి కూడా తెచ్చుకున్నాను. కానీ ఆ ప్రసంగం కోసం చదివిన చరిత్రలో సగం కావాలనే చెప్పకుండా దాచాను. అది తప్పు చేసినట్టే అనిపిస్తోంది. ఆ సగం ఇక్కడ పెడుతున్నాను. ఒప్పుకోనివారు ఎందుకో చెప్పండి.

హైదరాబాదు తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ ఉంది కదా, అది 1918లో కూనూరులో పుట్టింది. రాబర్ట్ మెకారిసన్ అనే వైద్యుడు బెరిబెరి జబ్బు గురించి తెలుసుకోవడానికి ఒక చిన్న విభాగంగా దాన్ని మొదలుపెట్టాడు. కాళ్ళు తిమ్మిరెక్కి, చచ్చుబడి, చివరికి గుండెను దెబ్బతీసే జబ్బు అది. మద్రాసు రాష్ట్రంలో దానికి పేరుపడిన ప్రాంతం ఏదో తెలుసా? మన ఉత్తర సర్కారు జిల్లాలు, వరి పండే కోస్తా. మర ఆడించిన తెల్లని పచ్చి బియ్యం తిన్నవారికి అది పట్టుకుంది. ఉప్పుడు బియ్యం తినే తమిళ జిల్లాల్లో అంతగా లేదు. వడ్లను ఉడకబెట్టినప్పుడు తవుడులోని బి1 విటమిను గింజ లోపలికి ఇంకుతుంది, ఆ తరువాత మర ఆడించినా కొంత మిగులుతుంది. అంతకు ముందే, 1890ల్లో, జావాలో ఐక్‌మన్ అనే డచ్చి వైద్యుడు తెల్లన్నం తిన్న కోళ్ళు కాళ్ళు పడిపోయి కూలబడడం, ముడిబియ్యం పెడితే మళ్ళీ లేచి తిరగడం గమనించాడు. 1929లో నోబెల్ బహుమతి ఆయనకు వచ్చింది ఆ కోళ్ళ పుణ్యాన్నే.

ఇక్కడిదాకా నా ప్రసంగంలో చెప్పాను. ముడిబియ్యం మంచిదని నిరూపిస్తుంది కాబట్టి.

దాచింది జొన్న సంగతి. జొన్న తిన్న మన తాతలు ఉక్కు మనుషులని అందరం అంటాం. కానీ 1960లో హైదరాబాదు నుంచే గోపాలన్, శ్రీకంఠయ్య అనే ఇద్దరు శాస్త్రవేత్తలు జొన్న ప్రధాన ఆహారంగా బతికే పేదల్లో పెల్లాగ్రా కనిపిస్తోందని ప్రకటించారు. మెడ చుట్టూ, చేతుల మీద చర్మం కాలినట్టు నల్లబడడం, విరేచనాలు, ముదిరితే మతి చెదరడం ఆ జబ్బు లక్షణాలు. జొన్నలో లూసిన్ అనే పదార్థం ఎక్కువ కావడం కారణమని వారు అన్నారు. ఆ కారణం మీద తరువాత చాలా వాదాలు నడిచాయి, రోగులు మాత్రం వాదం కాదు.

ఇదే జబ్బు మొక్కజొన్నతో ఇటలీని, అమెరికా దక్షిణ రాష్ట్రాలను పీడించింది. మెక్సికోలో వేల ఏళ్ళుగా మొక్కజొన్నే తిన్నవారికి ఆ బాధ లేదు. వారు గింజలను సున్నపు నీటిలో ఉడకబెట్టి, కడిగి, రుబ్బుకుంటారు. అప్పుడు గింజలో బిగుసుకుని ఉన్న నియాసిన్ అనే విటమిను, అంటే లోపిస్తే పెల్లాగ్రా తెచ్చేది, ఒంటికి పట్టేలా విడుదలవుతుంది. ఐరోపా వారు ఓడల్లో గింజను తెచ్చుకున్నారు, సున్నపు నీటి సంగతి అక్కడే వదిలేశారు.

నాకు భయం అక్కడే. 2023ను అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సరంగా జరుపుకున్నాం. ఇప్పుడు మా హాస్టల్ పక్క దుకాణంలో రాగి బిస్కెట్లు, జొన్న నూడుల్స్, తెల్లగా పాలిష్ పట్టిన సామలు, అరికెలు దొరుకుతాయి. మా నానమ్మ గటక వండేటప్పుడు ఒక చేత్తో జొన్న రవ్వ ఎసట్లో జారవిడుస్తూ, రెండో చేత్తో తెడ్డు తిప్పుతూ ఉండేది. పక్కన తోటకూర పప్పు, ఒక ముంతలో మజ్జిగ. గటక ఒక్కటే పెట్టిన రోజు నాకు గుర్తు లేదు. మనం కూడా గింజను తెచ్చుకుని, దానితోపాటు ఉండాల్సినదంతా వదిలేస్తున్నామా?

మెట్టపొలం:
అమ్మా, బాగా చదివావు. కానీ మాది అనంతపురం జిల్లా, నాకు అరవై ఏడేళ్ళు, ఒక మాట ఒప్పుకోలేను. గటక ఒక్కటే పెట్టిన రోజు నీకు గుర్తు లేదు, సంతోషం. సంగటి ముద్దలోకి ఉప్పు, మిరపకాయ తప్ప మరేమీ లేని రోజులు నాకు గుర్తున్నాయి. ఎన్నో ఉన్నాయి. దాన్ని వంట విద్య మరిచిపోవడం అనరు. మా అమ్మకు పప్పు వండడం రాక కాదు, ఇంట్లో పప్పు లేక.

1983లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చింది. అంతకు ముందు మా ఇంట్లో వరి అన్నం అంటే ఉగాది, సంక్రాంతి, లేదా ఎవరైనా చనిపోతే పదకొండో రోజు. మొదటి నెల బియ్యం తెచ్చిన సాయంత్రం మా అమ్మ గోనెసంచి విప్పి, గుప్పెడు తీసి, వాసన చూసి, కొలిచి వండింది. మా చెల్లెలు కూర వడ్డించేదాకా ఆగలేక వట్టి అన్నమే తినేసింది. ఇవాళ బియ్యాన్ని విషం అని వీడియోలు చేస్తున్నారు. చూస్తే నాకు కడుపు మండుతుంది. మీ శాస్త్రవేత్తలు చూసిన రోగులకు జొన్న వల్ల జబ్బు రాలేదు, జొన్న తప్ప మరొకటి కొనలేకపోవడం వల్ల వచ్చింది. చరిత్ర నుంచి నేర్చుకోవాల్సింది ఏమైనా ఉంటే ముందు అది నేర్చుకోండి.

జహీరాబాద్ వైపు రైతు:
పెద్దాయన చెప్పింది నిజం, అయినా జొన్నకు అన్యాయం జరుగుతోంది. మా వైపు పస్తాపూర్ చుట్టుపక్కల ఊళ్ళలో మహిళా సంఘాలు ఎన్నో ఏళ్ళుగా పాత విత్తనాలు కాపాడుతున్నాయి. వాళ్ళ చేలో జొన్న ఒక్కటే ఉండదు. జొన్న సాళ్ళ మధ్య కంది, పెసర, అనుము, నువ్వులు, అంచున కుసుమ. ఎవరూ విత్తకుండా మొలిచే కూరలు వేరే: దొగ్గలి, తుమ్మి, గునుగు, చెంచలి. కలుపు తీయడానికి వెళ్ళిన ఆడవాళ్ళు ఒడిలో కూర తెచ్చుకునేవారు, దానికి పైసా ఖర్చు లేదు. పేదవాడి పళ్ళెంలో పప్పు లేకపోయినా ఆ కూర ఉండేది.

ఇప్పుడు పత్తి, కలుపు మందు. మందు కొట్టిన చేలో గునుగు మొలవదు, మొలిచినా తినడానికి భయం. కాబట్టి చెల్లెమ్మా, పోయింది వంట ఒక్కటే కాదు. చేను పోయింది. రేషన్లో సన్న బియ్యం ఇచ్చినా, జొన్నలు ఇచ్చినా ఆ కూర మాత్రం దుకాణంలో దొరకదు.

ఇద్దరు పిల్లల తల్లి:
అందరూ తిండి గురించి మాట్లాడారు, వండేవారి గురించి ఎవరూ మాట్లాడలేదు. దంపుడు బియ్యం ఎవరు దంచారు? తెల్లవారుజామున రోకలి పట్టుకున్నది మా అమ్మమ్మ. ఆమె అరచేతులు చెప్పు అట్టలా ఉండేవి. ఊళ్ళోకి రైసుమిల్లు వచ్చిన రోజు తన జీవితంలో మంచి రోజుల్లో ఒకటని ఆమె మాకు చెప్పేది. మరబియ్యం వల్ల బెరిబెరి వచ్చిందని మీరు రాశారు, సరే, కానీ ఆ మర ఆమెకు రెండు గంటల నిద్ర ఇచ్చింది.

నేను ఉదయం ఎనిమిదికి ఇల్లు వదలాలి. రేషన్లో తలకు ఆరు కిలోల బియ్యం ఉచితంగా వస్తుంది. కొర్రలు డబ్బు పెట్టి కొనాలి, రాత్రే నానబెట్టాలి, మా చిన్నవాడు ముట్టడు. పాత తిండి కావాలనే మగవారు ఎంతమంది ఆ పని తాము చేస్తామని ముందుకొస్తారో ఇక్కడే రాయమని అడుగుతున్నాను.

ఆసుపత్రిలో పథ్యం చెప్పే ఉద్యోగి:
ఒక్క విషయం చెప్పి వెళతాను. రాగుల్లో వంద గ్రాములకు సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంది, బియ్యంలో పది కూడా లేదు. ఎదిగే పిల్లలకు, బాలింతలకు పెట్టండి. కానీ మా దగ్గరికి వచ్చే షుగర్ రోగులు రాగిజావను మందు అనుకుని పొద్దున్నే పెద్ద గ్లాసుడు తాగి వస్తున్నారు. మెత్తని పిండితో కాచిన జావ షుగరును త్వరగానే పెంచుతుంది. ఏ గింజైనా పిండిపదార్థమే, కొలత తప్పదు.

పోషకాహార విద్యార్థిని:
మెట్టపొలం గారూ, మీ మాట చదివాక నా మొదటి ప్రశ్నను మార్చుకోవాలనిపించింది. నానమ్మకు ఫోన్ చేసి అడిగాను. మజ్జిగ పండగల్లోనే ఉండేదట. నాకు గుర్తున్న గటక మా నాన్నకు ఉద్యోగం వచ్చాక వండినది. నేను పాత తిండి అనుకున్నది నిజానికి కాస్త డబ్బు వచ్చిన ఇంటి తిండి. పెల్లాగ్రా విషయంలో మీరన్నదే నిజం. 1915లో గోల్డ్‌బెర్గర్ అనే వైద్యుడు మిసిసిపీ జైలులో ఖైదీలకు మొక్కజొన్న పిండి లాంటి పేదల తిండే పెట్టించి జబ్బు తెప్పించాడు. పాలు, మాంసం అందితే అది రాదనీ అదే కాలంలో చూపించాడు.

అయినా ఒక విషయంలో వెనక్కి తగ్గను. గింజకు మనం చేసే పనికీ ఒంటికీ సంబంధం ఉంది, పేదలకే ఆ సంబంధం ఎక్కువ. డబ్బున్నవారు తెల్లబియ్యం తిన్నా కూర, గుడ్డు, పాలు ఆ లోటు తీరుస్తాయి. పళ్ళెం నిండా అన్నమే ఉన్నవారికి ఆ అన్నంలో ఏముందన్నదే అన్నీ.

నానమ్మ ఇంకొకటి చెప్పింది. రేషన్ బియ్యం కడిగేటప్పుడు ఆమె కొన్ని గింజలు ఏరి పారేస్తోందట, నీళ్ళలో తేలుతున్నాయి కాబట్టి ప్లాస్టిక్ అని. అవి ఇనుము, ఫోలిక్ ఆమ్లం, బి12 కలిపి చేసిన గింజలు, కిలోకు పది గ్రాముల చొప్పున కలిపారని వివరించాను. "మరలో తీసేదెందుకు, మళ్ళీ కలిపేదెందుకు?" అని అడిగింది. నా పాఠ్యపుస్తకంలో ఆ ప్రశ్న లేదు.

అమ్మా, మీ ప్రశ్నకు మగవారెవరూ ఇంకా జవాబు రాయలేదు. నేను ఎదురుచూస్తున్నాను.

రేపు మా హాస్టల్ మెస్ కమిటీ సమావేశం. చిరుధాన్యాల దినం పెట్టి అందరికీ బిస్కెట్ పొట్లాలు పంచుదామన్నది వాళ్ళ ఆలోచన. ఆ డబ్బుతో రోజూ పప్పు ఇంకో గరిటె, వారానికి మూడు రోజులు ఆకుకూర, బియ్యం ఒక్క పట్టు తక్కువ పాలిష్‌ది కావాలని రాసి నలభై రెండు సంతకాలు తీసుకున్నాను.

మెట్టపొలం:
పప్పు నీళ్ళలా కాచకూడదని కూడా రాయించు తల్లీ.