ముగ్గురికీ కలిపి ఒకటే కుంట, మోటారు మాత్రం ఒక్కాయనదే

ఒడ్డునున్నవాడు:
మా మూడిళ్ళ వెనక ఒక కుంట ఉంది, దాదాపు ఎకరం ఉంటుంది. సర్కారుది కాదు, మా ముగ్గురిదే. కానీ కాగితాల్లో తలా ఒక రకంగా ఉంది. నాదీ ఎడం పక్కాయనదీ హద్దు "నీళ్ళ మధ్య వరకు" అని రాసుంటే, గట్టు వైపున్నాయన దస్తావేజులో "అవిభక్త మూడో వంతు వాటా" అని ఉంది. నీళ్ళు వదిలే తూమూ, నిండితే పొర్లిపోయే అలుగూ ఆయన వైపే. ఇన్నేళ్ళూ ఎవరం పట్టించుకోలేదు, ఇప్పుడు ఆయన మోటారు దింపి తోటకు తోడుకుంటున్నాడు. నా వైపు లోతు తక్కువ, నీళ్ళు ఒక్క అడుగు తగ్గితే మెట్ల ముందంతా బురదే. అడిగితే "నా వాటా నీళ్ళే కదా" అంటాడు. ఇది చాలదన్నట్టు ఎడం పక్కాయన ఎవరికీ చెప్పకుండా నాచు మందు చల్లాడు, మూడో రోజు తెల్లారేసరికి చేపలన్నీ వెల్లకిలా తేలాయి. మధ్యలో తాళ్ళు కట్టేసి ఎవరి ముక్క వాళ్ళు చూసుకుంటే గొడవ పోతుందంటారా?

పాత దస్తావేజు:
తాడు కడితే మనుషులు ఆగుతారేమో, నీళ్ళు ఆగవు కదండీ. ముందు మూడు దస్తావేజులూ పక్కపక్కన పెట్టుకుని, అవి ఏ పాత దస్తావేజు నుంచి విడిపోయాయో అది తీయించండి. అసలు మాట అందులో ఉంటుంది, తర్వాత రాసినవాళ్ళు ఒకరు కొలతలతో, ఒకరు వాటాతో రాసుంటారు. అవిభక్త వాటా అంటే మామూలుగా "ఈ మూల నాది" అనే హక్కు ఎవరికీ ఉండదు, మొత్తం వాడుకోవచ్చు, కానీ మిగతావాళ్ళ వాడకం చెడగొట్టకూడదు. కొలతలతో రాసుంటే లెక్క వేరు. మీ దగ్గర చట్టం ఏం చెబుతుందో ముగ్గురూ కలిసి ఒకే లాయర్ని అడగండి, ముగ్గురు లాయర్లను పెట్టుకున్నారంటే కుంట ఎండినా కేసు ఎండదు. బయటివాళ్ళు ఎవరైనా అందులో పడితే బాధ్యత ఎవరిదో కూడా అప్పుడే రాయించేయండి.

నాచుతో పదేళ్ళు:
చేపల సంగతి నేను చెప్తా. చాలాసార్లు వాటిని చంపేది మందు కాదు, చచ్చిన నాచు. అంత నాచూ ఒక్కసారి కుళ్ళితే దాన్ని తినే బ్యాక్టీరియా నీళ్ళలోని ఆక్సిజన్ అంతా లాగేసుకుంటుంది. లీటరుకు 5 మిల్లీగ్రాములుంటే చేపలకు హాయి, 2కి పడిపోతే పైకొచ్చి నోళ్ళు తెరుస్తాయి. రాత్రంతా నాచు కూడా ఊపిరి పీల్చుకుంటుంది కాబట్టి తెల్లవారుజామున ఆక్సిజన్ బాగా తగ్గిపోయి ఉంటుంది, మీరు చూసింది అదే అనుకుంటా. ఎండల్లో ఇంకా ప్రమాదం, నీళ్ళు వేడెక్కేకొద్దీ ఆక్సిజన్ తక్కువ పడుతుంది. మందు కొట్టక తప్పకపోతే ఒకసారి మూడో వంతుకే కొట్టి, రెండు వారాలు ఆగి మిగతాది చూడాలి. అది కూడా ముగ్గురికీ చెప్పి. అసలు నాచు ఎందుకొస్తోందో చూశారా? ఎవరి లాన్‌కి వేసిన ఎరువు వానకి కుంటలోకి దిగుతోంది? అది ఆపకపోతే ప్రతి ఏడూ ఇదే టెన్షన్.

మెట్టుమీద గీత:
మాది నలుగురి కుంట. మేం వాటాలు పంచుకోలేదు, మట్టం పంచుకున్నాం. రాతి మెట్టు మీద ఉలితో ఒక గీత చెక్కించాం, నీళ్ళు ఆ గీత కిందికి దిగితే ఎవరి మోటారైనా సరే ఆపాల్సిందే. తూము తాళం ఒకరిదే అయినా తెరిచేముందు మిగతా ముగ్గురికీ మెసేజ్ పెట్టాలి. ఒక పేజీ కాగితం, నాలుగు సంతకాలు, అంతే.
ఇంకో మాట. ఆ మోటారే తోడేస్తోందని ఎలా తేల్చారు? ఎకరం కుంట అంగుళం దిగిందంటే లక్ష లీటర్ల పైమాటే. మంచి ఎండల్లో ఆవిరే రోజుకు 5, 6 మిల్లీమీటర్లు పోతుంది. ఐదు రోజులు మోటారు ఆపమని బతిమాలండి. ఒడ్డున ఒక వెడల్పాటి తొట్టె నీళ్ళతో పెట్టి, తొట్టెలో ఎంత దిగిందో, కుంటలో ఎంత దిగిందో స్కేలుతో చూడండి. తొట్టెలో దిగేది ఆవిరే, కుంటలో అంతకంటే ఎక్కువ దిగితే ఎక్కడో కారుతున్నట్టే.

గట్టు కింద ఇల్లు:
అందరూ ఆ గట్టు వైపాయన్నే అంటున్నారు, ఒక్క మాట అడగనా? ఆ గట్టు తెగితే మునిగేది ఎవరి ఇల్లు? అలుగులో చెత్త అడ్డం పడితే అర్ధరాత్రి వానలో టార్చి పట్టుకుని వెళ్ళేది ఎవరు? పూడిక ఖర్చు మూడు వాటాలు, గట్టు చాకిరీ మాత్రం ఒక్కడిదా? నేనూ అలాంటి ఇంట్లోనే ఉన్నా కాబట్టి కాస్త కోపంగానే రాస్తున్నా. గట్టు మీద చెట్లు పెరగనిచ్చారా లేదా అది కూడా చూడండి. చెట్టు చచ్చి వేరు కుళ్ళితే లోపల గొట్టంలా దారి పడుతుంది, నీళ్ళు అందులోంచి పోతాయి.

ఒడ్డునున్నవాడు:
తొట్టె పెట్టి చూశాను. ఆయన సణిగినా మోటారు ఆపాడు. ఐదు రోజుల్లో తొట్టెలో మూడు సెంటీమీటర్లు దిగింది, కుంటలో ఐదున్నర. నమ్మకం కుదరక మళ్ళీ కొలిచాను, అంతే. సాయంత్రం ముగ్గురం గట్టు వెనకవైపు నడిచాం. రెండేళ్ళ కింద కొట్టేసిన చెట్టు మొదలు దగ్గర మిగతా గడ్డంతా ఎండిపోతే అక్కడ చాప వెడల్పున మాత్రం పచ్చగా ఉంది, కాలు పెడితే చెప్పు దిగబడింది. ఆ చెట్టు కొట్టించింది నేనే, ఆకులు నీళ్ళలో రాలుతున్నాయని. గట్టాయన ఏమీ అనలేదు, నా చెప్పు వైపు చూశాడంతే. ఆదివారం ముగ్గురం తవ్వించి బంకమట్టి కూరిస్తున్నాం. మెట్టు మీద గీత ఎక్కడ చెక్కాలన్నది మాత్రం ఇంకా తేలలేదు.