ఇంటి సర్వర్‌కి డెబియనా, ఆర్చా?

మినపట్టు · శనివారం, ఉదయం 10:12
అందరికీ నమస్కారం. మాది నెల్లూరు, ఉండేది బెంగళూరు కె.ఆర్.పురంలో. స్కూల్లో లెక్కలు చెబుతాను. రెండేళ్లుగా సరదాకి పైథాన్ రాస్తున్నాను. నిన్న ఎస్పీ రోడ్డులో ఒక పాత మినీ పీసీ కొన్నాను. ఆరో తరం ఐ5, 8 జీబీ ర్యామ్, 256 జీబీ ఎస్‌ఎస్‌డీ. దాంతో నాకు మూడు పనులున్నాయి. నా కోడ్ దాచుకోవడానికి గిట్, పిల్లల కోసం రాసిన ఎక్కాల క్విజ్ సైటు, మా ఇంటివాళ్ల ఫోటోలు. నాన్న ఫోన్లో గూగుల్ ఫ్రీగా ఇచ్చే 15 జీబీ నిండిపోయిందని రోజూ మెసేజ్ వస్తోందట, ఆయన రోజూ నాకు ఫోన్ చేస్తున్నారు. లాప్‌టాప్‌లో ఉబుంటు వాడతాను కాబట్టి టెర్మినల్ అంటే భయం లేదు. సర్వర్‌కి ఏ లినక్స్ వేయాలి, డెబియనా, ఆర్చా? మా కొలీగ్ వాళ్ల తమ్ముడు ఆర్చ్ అంటాడు. ఎందుకో మాత్రం చెప్పడు.

పాత_సీపీయూ · ఉదయం 10:31
డెబియన్. ఇక ఈ చర్చకి తాళం వేసేయొచ్చు.

సరే, కారణం కూడా చెబుతాను. డెబియన్ 13 2025 ఆగస్టులో వచ్చింది. మూడేళ్లు మామూలు సెక్యూరిటీ అప్‌డేట్లు, ఆ తర్వాత ఎల్‌టీఎస్ (దీర్ఘకాల మద్దతు) కింద ఇంకో రెండేళ్లు. వాటంతట అవే పడేలా ఒకసారి సెట్ చేసి వదిలేయండి. నా సర్వర్ అటక కింద అలమరలో ఉంటుంది, అది ఉందన్న సంగతి నాకు నెలల తరబడి గుర్తు రాదు. సర్వర్ అంటే అలా ఉండాలి.

కెర్నల్_కారం · ఉదయం 10:50
మర్చిపోవడానికే అయితే సర్వర్ ఎందుకండీ, ఫ్రిజ్ కొనుక్కుంటే సరిపోయేది.

మినపట్టు గారూ, మీరు నేర్చుకోవాలని మొదలుపెట్టారు కాబట్టి చెబుతున్నా. ఆర్చ్ చేత్తో ఇన్‌స్టాల్ చేయండి. పార్టిషన్లు మీరే కోస్తారు, బూట్‌లోడర్ మీరే పెడతారు, నెట్‌వర్క్ మీరే లేపుతారు. ఒక ఆదివారం పోతుంది. కానీ ఆ తర్వాత ఏదైనా చెడితే ఎక్కడ చూడాలో తెలుస్తుంది. డెబియన్ స్టేబుల్‌లో ఏ పైథాన్ వస్తే రెండేళ్లు దాంతోనే కాపురం. పైగా పైథాన్ లైబ్రరీలు వేసే పిప్‌తో ఏదన్నా వేయబోతే ఇది మా ఇలాకా, నువ్వు వేయడానికి వీల్లేదని ఎర్రర్ కొడుతుంది.

ఎండమావి · ఉదయం 10:58
ఆ పిప్ ఎర్రర్ ఆర్చ్‌లోనూ వస్తుంది. రెండిట్లోనూ వెన్వ్ (లైబ్రరీలకి విడి ఫోల్డర్) చేసుకోవాల్సిందే.

కెర్నల్_కారం · ఉదయం 11:02
వస్తుంది, ఒప్పుకుంటున్నా. మిగతాది మాత్రం వెనక్కి తీసుకోను.

అర్ధరాత్రి_రీబూట్ · ఉదయం 11:03
మిక్చర్ పొట్లం తెచ్చుకున్నా. కానివ్వండి.

పాత_సీపీయూ · ఉదయం 11:40
కారం గారూ, ఒక్క మాట అడుగుతాను. 2024 మార్చి 29 గుర్తుందా? ఫైళ్లు కుదించే ఎక్స్‌జెడ్ లైబ్రరీలో బ్యాక్‌డోర్ (దొంగదారి) బయటపడ్డ రోజు. దూరం నుంచి మిషన్లోకి వెళ్లే ఎస్‌ఎస్‌హెచ్ లాగిన్ అర సెకను ఆలస్యమవుతోంది ఎందుకా అని ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ డెవలపర్ తవ్వితే దొరికింది. విషం కలిపిన 5.6.0, 5.6.1 వెర్షన్లు మీ ఆర్చ్‌లోకి అప్పటికే వచ్చేశాయి. డెబియన్ స్టేబుల్‌లో ఉన్నది పాత 5.4. ఏదీ కొత్తగా వచ్చిన రోజే మింగకూడదని మా పెద్దలు ఊరికే అనలేదు.

కెర్నల్_కారం · మధ్యాహ్నం 12:15
సగం కథ చెప్పి సగం మింగారు. ఆ బ్యాక్‌డోర్ పనిచేయాలంటే ఎస్‌ఎస్‌హెచ్ డీమన్‌కి (వెనక నడిచే ప్రోగ్రామ్‌కి) ఆ లైబ్రరీతో సంబంధం ఉండాలి. ఆర్చ్‌లో ఆ సంబంధమే లేదు. సర్వీసుల్ని నడిపే సిస్టమ్‌డీ కోసం ఎస్‌ఎస్‌హెచ్‌కి అతుకు వేసింది డెబియన్, ఫెడోరా వాళ్లు. ఆ అతుకులోంచే దొంగ లోపలికి రావాలనుకున్నాడు. అసలా బ్యాక్‌డోర్ డెబియన్, ఫెడోరా వాళ్లు వాడే డెబ్, ఆర్‌పీఎం ప్యాకేజీలు కట్టేటప్పుడు మాత్రమే లోపలికి దూరేలా రాశారు. మీ ఇంటి తలుపుకి కొలిచి చేయించిన తాళంచెవి పట్టుకొచ్చి మా ఇల్లు భద్రం కాదంటారేంటి?

పాత_సీపీయూ · మధ్యాహ్నం 12:22
ఆ రోజు మీ మిషన్లో ఆ ఫైలు ఉందా, లేదా?

కెర్నల్_కారం · మధ్యాహ్నం 12:24
ఉంది. పని చేయదు.

పాత_సీపీయూ · మధ్యాహ్నం 12:25
ఉంది కదా. అంతే.

బీటీఎం_బ్యాచిలర్ · మధ్యాహ్నం 1:05
డిస్ట్రో (ఏ రకం లినక్స్) సంగతి తర్వాత, ముందు కరెంటు సంగతి చూడండి. నేను పాత డెస్క్‌టాప్‌ని సర్వర్ చేశాను. 65 వాట్లు, రాత్రింబవళ్లు. నెలకి 47 యూనిట్లు. మేం ముగ్గురం ఉండే ఇంటికి గృహజ్యోతి ఉచిత కరెంటు ఉంది, అప్పటిదాకా 170 దాటలేదు. సర్వర్ పెట్టిన నెల 200 దాటింది. దాటితే పైన యూనిట్లకే కాదు, మొత్తం బిల్లు కట్టాలి. రూమ్మేట్లు ఇప్పటికీ నన్ను సర్వర్ సార్ అని పిలుస్తారు.

ఎండమావి · మధ్యాహ్నం 1:11
ఆవిడ కొన్నది మినీ పీసీ. ఖాళీగా ఉన్నప్పుడు 10 వాట్లు తింటుందనుకుంటే నెలకి ఏడు యూనిట్లు. దాంతో ఎవరి గృహజ్యోతీ ఆరిపోదు.

మినపట్టు · మధ్యాహ్నం 2:30
అమ్మయ్య. ఇంకో సందేహం. పిల్లలు వాళ్ల ఇళ్లనుంచి నా క్విజ్ సైటు తెరవగలరా? రౌటర్‌లో పోర్ట్ తెరిచాను, బయటినుంచి రావడం లేదు.

ఎండమావి · మధ్యాహ్నం 2:41
రౌటర్ పేజీలో వ్యాన్ ఐపీ (నెట్ కంపెనీ ఇచ్చిన అడ్రస్) చూడండి. 100.64 నుంచి 100.127 మధ్యలో మొదలైతే మీరు సీజీనాట్ వెనక ఉన్నట్టు. ఒకే పబ్లిక్ అడ్రస్‌ని మీ నెట్ కంపెనీ చాలా ఇళ్లకి పంచుతోందన్నమాట. మీరు ఎన్ని పోర్టులు తెరిచినా ఉపయోగం లేదు. ఐపీవీ6 (కొత్త రకం అడ్రస్) ఇస్తున్నారేమో చూడండి. లేదంటే పబ్లిక్ అడ్రస్ ఉన్న చిన్న వీపీఎస్ (ఆన్‌లైన్ సర్వర్) ఒకటి అద్దెకి తీసుకుని, వైర్‌గార్డ్ వీపీఎన్‌తో మీ ఇంటి సర్వర్‌కి కలపాలి.

మినపట్టు · మధ్యాహ్నం 2:55
100.72. అర్థమైంది, థాంక్స్ అండీ.

కెర్నల్_కారం · సాయంత్రం 4:20
పొద్దున చెప్పడం మర్చిపోయా. నా సర్వర్ నాలుగేళ్లుగా ఆర్చ్ మీదే. ఒక్కసారే ఆగింది. పోస్ట్‌గ్రెస్ కొత్త మేజర్ వెర్షన్ అప్‌డేట్‌లో వచ్చింది, పాత డేటా తీసుకోనని మొండికేసింది. రెండు గంటలు కూర్చున్నా. డేటాని కొత్త వెర్షన్‌కి మార్చడం అలా నేర్చుకున్నా.

పాత_సీపీయూ · సాయంత్రం 4:35
డెబియన్‌లో పాతదీ కొత్తదీ పక్కపక్కనే ఉంటాయి. మీకు తీరికైనప్పుడు మార్చుకుంటారు. మీ రెండు గంటలు మిగిలేవి.

కెర్నల్_కారం · సాయంత్రం 4:37
మిగుల్చుకుని ఏం చేయాలి? రీల్స్ చూడాలా?

ఇంటావిడ · సాయంత్రం 5:50
నేనిక్కడ మా ఆయన పోస్టులు చదవడానికి ఖాతా తెరిచాను. ఆయన పేరు చెప్పను. మా ఇంట్లో పై-హోల్ అని ఒకటి ఉంది, ప్రకటనలు ఆపుతుందట. ఆయన తిరుపతి వెళ్లిన మూడు రోజులూ అది ఆగిపోయింది. వైఫై గుర్తు నిండుగా కనబడుతుంది, ఏదీ తెరుచుకోదు. అబ్బాయికి ఆన్‌లైన్ టెస్టు. ఫోన్ చేస్తే క్యూలో ఉన్నాను, దర్శనం అయ్యాక చెబుతానన్నారు. డెబియనో ఆర్చో మాకు తెలియదు. ఆ డబ్బా ప్లగ్గు పీకితే నెట్ వస్తుందా రాదా అన్నది తెలిస్తే చాలు.

అర్ధరాత్రి_రీబూట్ · సాయంత్రం 5:54
పీకితే రాదు మేడం. సైటు పేరుకి అడ్రస్ చెప్పేది (డీఎన్‌ఎస్) ఆ డబ్బానే కదా, రౌటర్‌లో దాన్ని మార్చాలి. (అది నేను కాదు.)

పాత_సీపీయూ · సాయంత్రం 6:20
నేను పొద్దుటినుంచి చెబుతున్నది ఇదే! ఇంట్లో నలుగురు ఆధారపడ్డ వస్తువు మీద ప్రయోగాలు చేయకూడదు. టీచర్ గారు స్పష్టంగా రాశారు, ఇంటివాళ్ల ఫోటోలు పెడతామని. ఆవిడకి ఆర్చ్ అంటగడుతున్నారు. మీకది బొమ్మ, సరే. బొమ్మని సర్వర్ అని పిలిచి కొత్తవాళ్లని దారి తప్పించకండి.

కెర్నల్_కారం · రాత్రి 7:05
బొమ్మ. ఎట్టకేలకు నోట్లోంచి వచ్చింది.

మీరు ఆఫీసులో సర్వర్లు చూసుకుంటారని ఇంతకుముందు చాలాసార్లు చెప్పారు. నేను పీణ్యలో ఒక ఫ్యాక్టరీలో క్వాలిటీ చెకింగ్. రోజంతా వెర్నియర్ పట్టుకుని బేరింగులు కొలుస్తా. ఈ ఊళ్లో తెలుగువాడంటే సాఫ్ట్‌వేరే అనుకుంటారు, కాదంటే మొహం ఇంతవుతుంది. ఇక్కడ ఏది అడిగినా మీలాంటి వాళ్లు వచ్చి ప్రొడక్షన్‌లో ఇలా చేయరు అంటారు. నాది ప్రొడక్షన్ కాదయ్యా! ఏడింటికి ఇంటికొచ్చి స్నానం చేసి, ఎవరినీ అడగకుండా విరగ్గొట్టి మళ్లీ అతికించుకునే వస్తువు నాకు అదొక్కటే ఉంది. మీకు సర్వర్ డ్యూటీ, అందుకే మర్చిపోవాలనుకుంటారు.

అర్ధరాత్రి_రీబూట్ · రాత్రి 7:09
అన్నా, మెల్లగా.

పాత_సీపీయూ · రాత్రి 9:48
రెండుసార్లు రాసి చెరిపేశాను.

బొమ్మ అన్నది తప్పు, సారీ. ఎందుకన్నానో చెబుతాను. 2021 జూన్‌లో గూగుల్ వాళ్లు ఫ్రీ ఫోటోల స్టోరేజీకి హద్దు పెట్టారు కదా, అప్పుడు మా ఇంటిల్లిపాది ఫోటోలూ నా సర్వర్లోకి లాక్కొచ్చాను. నేనుండగా భయమేంటన్నాను. ఫోన్లలోంచి చెరిపించాను కూడా. రెండు డిస్కులు. ఒకదాన్నుంచి ఇంకోదానికి రాత్రి రెండింటికి ఆర్‌సింక్ అనే ప్రోగ్రామ్‌తో కాపీ, డిలీట్ ఆప్షన్‌తో. మొదటి దాంట్లో లేనిది రెండోదాంట్లోనూ ఉండకూడదని ఆ ఆప్షన్. డిస్కుల జాబితా ఉండే ఎఫ్‌స్టాబ్ ఫైల్లో నోఫెయిల్ పెట్టాను, డిస్కు దొరక్కపోయినా మిషన్ లేవాలని. ఒకరోజు సాయంత్రం మూడుసార్లు కరెంటు పోయి వచ్చింది. మొదటి డిస్కు చచ్చిపోయింది. మిషన్ మాత్రం చక్కగా లేచింది, నోఫెయిల్ కదా. రాత్రి రెండింటికి ఆర్‌సింక్ వెళ్లి చూసింది, ఫోల్డర్ ఖాళీ. రెండో డిస్కుని కూడా అంత ఖాళీగానూ చేసిపెట్టింది. నేను పదకొండు రోజుల తర్వాత చూశాను. ఈలోగా ఆ డిస్కు మీద వేరేవి రాసేశాను, వెనక్కి తీయడం కుదరలేదు.

మా చెల్లి పెళ్లి ఫోటోలు అందులోనే. ఫోటోగ్రాఫర్ ఆల్బమ్ ఉంది. పోయినవి మేం తీసుకున్నవి. వంటవాళ్లు, పడుకున్న పిల్లలు, మా తాతయ్య అప్పడం కోసం రెండోసారి చెయ్యి చాచింది. ఇప్పటికీ ఏ ఫంక్షన్‌లో ఫోన్ తీసినా చెల్లి, ఒరేయ్ ఇవి నీ సర్వర్లో పెట్టకు, అంటుంది.

కెర్నల్_కారం · రాత్రి 10:02
అది ఏ డిస్ట్రో?

పాత_సీపీయూ · రాత్రి 10:04
డెబియన్.

అర్ధరాత్రి_రీబూట్ · రాత్రి 10:05
మిక్చర్ అయిపోయింది.

కెర్నల్_కారం · రాత్రి 10:30
నవ్వలేదండి. నిజంగా బాధగా ఉంది.

కానీ ఒకటి గమనించారా? నేను ఆవిడకి ఆర్చ్ వేయమన్నా గాని, ఫోటోలు పెట్టమని ఎక్కడా అనలేదు. ఆ వాక్యం నేను చూసుకోలేదు, అది నా తప్పే. నా సర్వర్లో మా ఇంటివాళ్లది ఒక్క ఫైలు లేదు. మా ఆవిడ అడిగింది, కుదరదన్నా. పెట్టిన రోజునుంచి అది నాది కాకుండా పోతుంది. అప్‌డేట్ కొట్టే ముందు ఇంట్లో పర్మిషన్ అడగాలి.

పాత_సీపీయూ · రాత్రి 10:47
అక్కడే నాకు మింగుడుపడదు. కరెంటు ఇంటిది, మూల ఇంటిది, రాత్రి ఫ్యాన్ చప్పుడు వినేది ఇంటివాళ్లు. వాళ్లకి ఒక్క పనికీ రాని వస్తువుని నాలుగేళ్లు నడపడం నా వల్ల కాదు. పోగొట్టాక కూడా నాకు అలాగే అనిపిస్తుంది. అందుకే మళ్లీ మొదలుపెట్టాను.

కెర్నల్_కారం · రాత్రి 10:52
మా మామగారు వయొలిన్ వాయిస్తారు. అదీ ఇంట్లో ఎవరికీ పనికిరాదు, చప్పుడు అందరూ వింటారు. ఎవరూ ఏమీ అనరు.

పాత_సీపీయూ · రాత్రి 10:55
వయొలిన్‌లో పెళ్లి ఫోటోలు పెట్టరు కదండీ.

కెర్నల్_కారం · రాత్రి 10:56
నేనూ పెట్టలేదనే కదా చెబుతున్నా!

ఇంటావిడ · రాత్రి 11:10
ప్లగ్గు సంగతి ఆయన్నే కూర్చోబెట్టి రాయించాను. కాగితం రౌటర్‌కి అతికించాను. ఆయన ఇక్కడే ఉన్నారు, మీ ఇద్దరిలో ఒకరే.

కెర్నల్_కారం · రాత్రి 11:12
నేను కాదు.

పాత_సీపీయూ · రాత్రి 11:31
...

మినపట్టు · ఆదివారం, రాత్రి 8:40
నిన్న రాత్రి అన్నీ చదివాను. డెబియన్ వేశాను. కారం గారూ ఏమీ అనుకోకండి, పాత లాప్‌టాప్ ఒకటి ఉంది, దసరా సెలవుల్లో దాని మీద ఆర్చ్ చేత్తో వేస్తాను. నాన్న ఫోటోలు మాత్రం ఫోన్లోంచి చెరిపించడం లేదు. స్టోరేజీకి డబ్బు కట్టేశాను, సర్వర్లో ఉండేది రెండో కాపీ. పాత సీపీయూ గారూ, ఇప్పుడు మీరు బ్యాకప్ ఎలా తీస్తున్నారు?

పాత_సీపీయూ · రాత్రి 9:05
రెస్టిక్ అనే బ్యాకప్ ప్రోగ్రామ్‌తో. ప్రతి రోజుదీ విడిగా ఉంటుంది, ఇవాళ్టి ఖాళీ నిన్నటిదాన్ని తినదు. డిస్కు మౌంట్ కాకపోతే, అంటే మిషన్‌కి కనబడకపోతే, స్క్రిప్టు అక్కడే ఆగి నాకు మెసేజ్ పంపుతుంది. ఒక కాపీ ఊళ్లో మా చెల్లి ఇంట్లో ఉన్న డిస్కుకి వెళ్తుంది. పాస్‌వర్డ్ తన దగ్గరా ఉంది. నెలకోసారి ఏదో ఒక ఫోటో వెనక్కి తీసి చూస్తుంది. ఏ ఫోటో అన్నది తనే ఎంచుకుంటుంది, నాకు ముందుగా చెప్పదు.

కెర్నల్_కారం · రాత్రి 9:20
ఆ మౌంట్ చెక్ చేసే స్క్రిప్టు పెడతారా? ఫోటోలకి కాదు. నా కోడ్‌కి.

పాత_సీపీయూ · రాత్రి 9:22
రేపు పెడతాను. ఆర్చ్‌లోనూ నడుస్తుంది.

మినపట్టు · రాత్రి 9:41
నాకూ కావాలి. క్విజ్ సైటు కూడా లేచింది, ఇంట్లో వైఫై మీదే అనుకోండి. పక్కింటి పాప ఏడో ఎక్కం రాసి, ఆంటీ ఏడెనిమిదులు 54 అంటోంది మీ కంప్యూటర్ అంది. వెళ్లి చూశాను. నిజమే.