జావాలో మ్యాప్ లోపల లిస్ట్ పెడితే టైపు ఎందుకు కుదరడం లేదు?

ప్రశ్న (అమలాపురం నుంచి):
నమస్కారం. ధవళేశ్వరం బ్యారేజి నుంచి తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టాలకు పారే కాలువల నీటిమట్టాలను నమోదు చేసే ప్రోగ్రామును జావాలో రాసుకుంటున్నాను. కాలువ పేరు కీగా, రోజువారీ మట్టాలు విలువగా మ్యాప్<స్ట్రింగ్, లిస్ట్<డబుల్>> పెట్టాను. సగటు కట్టే మెథడ్ పూర్ణాంకాలకు కూడా పనికిరావాలని, దాని పారామీటరును మ్యాప్<స్ట్రింగ్, లిస్ట్<నంబర్>> అని రాశాను. డబుల్ (దశాంశ సంఖ్య) కూడా నంబరే అయినా కంపైలర్ (ప్రోగ్రామును నడిపే ముందు సరిచూసి అనువదించేది) ఒప్పుకోవడం లేదు. లోపలి దాన్ని లిస్ట్<? ఎక్స్‌టెండ్స్ నంబర్> (నంబర్ రకాల్లో ఏదైనా సరే) అని మార్చినా అదే దోషం. రెండు రోజులుగా దీని మీదే కూర్చున్నాను, కారణం వివరించగలరా?

జవాబు (రాజమహేంద్రవరం నుంచి):
కంపైలర్ చేస్తున్నది సరైన పనేనండీ. అది ఒప్పుకుందనుకోండి, మీ మెథడ్ ఆ మ్యాప్‌లో మరో కాలువ పేరు మీద పూర్ణాంకాలు నింపిన లిస్ట్<నంబర్> ఒకటి చేర్చవచ్చు. బయట మీరు అదే మ్యాప్‌ను డబుల్ అనుకుని చదివినప్పుడు ప్రోగ్రాము నడుస్తూ నడుస్తూ క్లాస్‌కాస్ట్‌ఎక్సెప్షన్‌తో (టైపు కుదరని దోషంతో) ఆగిపోతుంది. అర్రేలకు ఈ కట్టుబాటు లేదు కనుక అక్కడ ఇలాంటి పొరపాటు నడిచేటప్పుడే బయటపడుతుంది. 2004లో జావా 5తో వచ్చిన జెనెరిక్స్ (లిస్ట్<డబుల్> లాగా లోపలి టైపును చెప్పే పద్ధతి) దాన్ని కంపైల్ దశలోనే పట్టుకుంటాయి.

ఇక మీ రెండో ప్రయత్నం. మీరు పెట్టిన ప్రశ్నార్థకం లోపలి లిస్ట్‌లోని అంశాలకే సడలింపు ఇస్తుంది; మ్యాప్ దృష్టిలో లిస్ట్<డబుల్>, లిస్ట్<? ఎక్స్‌టెండ్స్ నంబర్> వేర్వేరు టైపులే. పై కాలువకు నీళ్లు వదలకుండా బోదె తూము ఒక్కటే ఎత్తితే చేను తడవదు కదా, ఇదీ అంతే. ప్రతి అంతస్తులోనూ సడలింపు కావాలి:

మ్యాప్<స్ట్రింగ్, ? ఎక్స్‌టెండ్స్ లిస్ట్<? ఎక్స్‌టెండ్స్ నంబర్>>

ఇలా రాస్తే మెథడ్ చదవగలదు గాని కొత్త లిస్ట్‌ను చేర్చలేదు. సగటుకు చదవడమే చాలు.

జవాబు (భీమవరం నుంచి):
పై వివరణ సరైనదే. అయితే డెల్టా పేరును కూడా కీగా చేర్చి మ్యాప్‌లో మ్యాప్ పెట్టే ఆలోచన ఉంటే మానుకోండి. రొయ్యల చెరువుల లెక్కలకు మేము ఊరు, చెరువు, తేదీ అంటూ ఒకదానిలో ఒకటి పేర్చాము; కొన్ని నెలలకు ఏ స్ట్రింగ్ ఊరో, ఏది చెరువో చదివి తెలుసుకోవడం చాలా కష్టమైంది. రెండూ స్ట్రింగులే కనుక తారుమారైనా కంపైలర్ పట్టుకోలేదు. 2021లో జావా 16తో స్థిరపడిన రికార్డుతో (కొన్ని విలువలను పేర్లతో ఒకచోట కట్టే టైపు) పేరు, డెల్టా, మట్టాలు ఉండే కాలువ అనే టైపు చేసుకోండి. అప్పుడు లిస్ట్<కాలువ> సరిపోతుంది.

ప్రశ్న వేసినవారు:
రెండుచోట్లా ప్రశ్నార్థకం పెట్టగానే కంపైల్ అయింది. డెల్టా పేరును మూడో అంతస్తుగా చేర్చబోతున్న మాట నిజమే. దాన్ని ఈ రాత్రికే రికార్డుగా మారుస్తాను. ఇద్దరికీ ధన్యవాదాలు.